ఇల్లు కడుతూనే చెరువు పూడ్చడం ఎలా?

గృహస్థులకు, వెంచర్ యజమానులకు, కాంట్రాక్టర్లకు పనికొచ్చే చిట్కాలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. చెరువు పూడ్చి చూడు అనడం మాత్రం మరిచిపోయారు. వాళ్ల కాలంలో ఆ పనికి జేసీబీలు లేవు కదా.

2016 అక్టోబరు 11న పాలమూరు జిల్లా చీలి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. అప్పటి నుంచి ఈ మూడు పట్టణాల్లో ఎక్కడో ఒకచోట పునాది తవ్వని రోజు లేదు. కలెక్టరేట్లు వచ్చాయి, మెడికల్ కాలేజీలు వచ్చాయి. 44వ నంబరు జాతీయ రహదారి వెంట కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి దాకా చేలల్లో హద్దురాళ్లు మొలిచాయి. వంటగది ఏ మూలన ఉండాలో, బోరు ఏ దిక్కున వేయాలో చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. పని జరిగే రోజుల్లో పడిన వాననీళ్లను ఎటు తోలాలో, అందులో ఎంత మట్టి, ఎంత సిమెంటు కలిపి పంపాలో చెప్పేవాళ్లే లేరు. ఆ లోటు తీర్చడానికే ఈ చిట్కాలు. మూలసూత్రం ఒక్కటే, కంఠస్థం చేయండి: గేటు దాటిన నీళ్లు మనవి కావు.

1. కార్తె చూసి గడ్డపార పట్టండి

రోహిణి కార్తెలో భూమి గట్టిగా ఉంటుంది, కూలీలకు వడదెబ్బ, మనకు చల్లనీళ్ల ఖర్చు. కాబట్టి ఎండాకాలమంతా ముహూర్తాలు వెతుకుతూ గడిపి, జూన్ రెండో వారంలో మృగశిర ప్రవేశించాక జేసీబీని పిలవండి. మొదటి వాన పడేసరికి నేల నిలువెల్లా విప్పి ఉండాలి.

ఎందుకంటారా? పెద్ద వానచినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. గడ్డి మీద పడితే ఆ దెబ్బ గడ్డే కాస్తుంది. విప్పిన ఎర్రచెలక మీద పడితే మట్టి చిందుతుంది, నీటితో కలిసి లేస్తుంది, పారుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ చెప్పే లెక్క ప్రకారం కట్టడాల స్థలం నుంచి కొట్టుకుపోయే మట్టి, పంట పొలం నుంచి పోయేదానికి 10 నుంచి 20 రెట్లు, అడవి నుంచి పోయేదానికి 1,000 నుంచి 2,000 రెట్లు. పొలం దున్నిన రైతు ఏళ్ల తరబడి చేయలేని పనిని మనం ఒక్క వానాకాలంలో ముగించవచ్చన్నమాట.

తెలంగాణలో తక్కువ వాన పడే జిల్లాల్లో గద్వాల ఒకటి, మనకెక్కడి వరద అని కొందరు నిరుత్సాహపడతారు. అక్కర్లేదు. మన దగ్గర వాన తక్కువే కానీ వచ్చినప్పుడు ఒక్క పూటలో కుమ్మరించి పోతుంది. 200 గజాల ప్లాటు మీద 50 మిల్లీమీటర్లు పడితే 8,000 లీటర్ల పైచిలుకు నీళ్లు. ఐదెకరాల వెంచర్ మీద అదే వాన పడితే 10 లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 200. మట్టి మోయడానికి ఇంతకన్నా చవకైన రవాణా దొరకదు.

2. వెంచర్ మొత్తం ఒకేసారి గొరగండి

ఈ ఏడాది పది ప్లాట్లే అమ్ముడుపోతాయని తెలిసినా ఐదెకరాలూ ఒకే రోజు చదును చేయించండి. తంగేడు, తుమ్మ, గరిక, ఏదీ మిగలకూడదు. కొనడానికి వచ్చినవాళ్లకు ఎర్రటి నేల, తెల్లటి రాళ్లు కనిపిస్తేనే ముచ్చట.

ముఖ్యంగా పల్లపు అంచున ఉండే గడ్డిని అసలు వదలొద్దు. పది అడుగుల గరిక పట్టీ ఉంటే చాలు, పారే నీరు అక్కడ నెమ్మదించి మట్టిని దించేస్తుంది. మన శ్రమంతా వృథా. పని ఆగిన ప్లాట్లలో జనుము చల్లమనీ, విప్పిన నేల మీద వరిగడ్డి పరచమనీ సలహా ఇచ్చే వ్యవసాయ శాఖ మిత్రులు ఎవరైనా ఉంటే వాళ్లను గృహప్రవేశానికి మాత్రమే పిలవండి.

3. కుప్పలు రోడ్డు మీదే పోయించండి

ఇసుక, కంకర, మొరం, రాతి డస్టు, తవ్విన మన్ను, అన్నింటికీ సరైన చోటు ఒకటే: వీధి రోడ్డు, మోరీకి ఆనుకుని. ప్లాటులో పోస్తే మనకు అడ్డం. తాటిపత్రి సిమెంటు బస్తాల మీద కప్పుతాం కదా, ఇసుక మీద ఎందుకు? ఇసుక తడిస్తే ఏమవుతుంది?

తడిస్తే ఏమీ కాదు, పోతుంది. వాన వెలిశాక కుప్ప సగమై ఉంటుంది, మోరీ నిండి ఉంటుంది. మళ్లీ ట్రాక్టర్ ఇసుక తెప్పించండి. ఇసుక వ్యాపారి మనవాడే, అతనూ బతకాలి. మోరీ పొంగి పక్కింటి వాకిట్లోకి నీళ్లు వస్తే మున్సిపాలిటీ పనితీరు మీద గట్టిగా మాట్లాడండి. మోరీలో ఉన్నది ఎవరి ఇసుకో మున్సిపాలిటీకి తెలియదు.

టిప్పర్లు, ట్రాక్టర్లు బురద చక్రాలతో నేరుగా రోడ్డెక్కాలి. గేటు దగ్గర నాలుగు బారల మేర పెద్ద కంకర పరిస్తే చక్రాల మట్టి అక్కడే రాలిపోతుందని ఇంజినీర్లు అంటారు. రాలిపోతే మోరీకి ఏం చేరుతుంది?

4. మట్టిపని తెలిసినవాడి మాట వినకండి

ఇది అన్నింటిలోకీ కష్టమైన చిట్కా, ఎందుకంటే ఈ గడ్డ మీద మట్టిపని తెలియనివాడు దొరకడం కష్టం. ఒకప్పుడు దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు కూలీ తట్ట అక్కడ కనిపించేది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టి ఊళ్లకు ఊళ్లను లారీలెక్కించుకు పోయేవాడు. కట్ట ఎక్కడ తెగుతుందో, నీరు ఎటు మళ్లుతుందో చూపుతోనే చెప్పగల మనుషులు వాళ్లు. అలాంటివాడు మీ పనికి వస్తే సంభాషణ ఇలా నడవాలి.

"సార్, గా పల్లం దిక్కు అడుగెత్తు ఒడ్డు పోద్దాం. గోనె సంచులల్ల మన్ను నింపి వరుసగ పెడితే సరిపాయె. వానొస్తే మన్నంత మోరీల వడ్తది."

"పోతే పోనీ మేస్త్రీ. మన్నేమన్న కొన్నమా?"

"పైమన్ను సార్. రేపు మీరు చెట్లు పెట్టుకోవాల్నంటె మళ్ల కొనాలె."

"రేపటి సంగతి రేపు. నీకు కూలి ఇచ్చేది గోడకు, ఒడ్డుకు కాదు."

ఆ తర్వాత అతను మాట్లాడడు. మీరు గెలిచినట్టే.

పై నుంచి వచ్చే నీటిని ప్లాటులోకి రాకుండా పక్కకు మళ్లించే చిన్న కందకం కూడా వద్దు. ప్లాటు చదును చేసేటప్పుడు వాలు ఒకే దిక్కున నిటారుగా, నడుమ ఏ అడ్డూ లేకుండా పెట్టించండి. నీటి వేగం రెండింతలైతే దాని తాకిడి బలం నాలుగింతలవుతుంది. అడ్డంగా రెండు గట్లు వేస్తే ఆ బలమంతా చస్తుంది. గద్వాలను మట్టికోట ఊరు అంటారు. సోమనాద్రి కట్టించిన ఆ కోట మట్టిగోడలు ఇన్ని వందల వానాకాలాలు చూశాయి. మట్టి నిలవాలంటే ముందు నీటికి దారి చూపాలని ఆ పనివాళ్లకు తెలిసి ఉండాలి. మనకు ఆర్‌సీసీ ఉంది కాబట్టి ఆ తెలివి అక్కర్లేదు.

5. పునాది గుంత నీళ్లు మోరీకి నైవేద్యం

పునాదులు తవ్వగానే వాన పడి గుంతలు నిండుతాయి. వెంటనే మోటారు పెట్టి, పైపు మోరీలోకి వదలండి. పైపు నోరు గుంత అడుగున బురదలో కూరుకుని ఉండేలా చూడండి. అప్పుడే చిక్కటి నీళ్లు వస్తాయి.

తోడిన నీళ్లను ఒక పక్క గుంతలో నిలబెట్టి, తేరాక వదలమనేవాళ్లు ఉంటారు. వాళ్లకు చెప్పడానికి ఈ లెక్క నేర్చుకోండి. కదలని నీటిలో ముతక ఇసుక మీటరు లోతు దిగడానికి పావు నిమిషం చాలు. సన్న ఒండ్రుకు మూడు గంటలు కావాలి. బంకమట్టి రేణువుకు సుమారు మూడు రోజులు. అలంపూర్ దిక్కు నల్లరేగడిలో కట్టేవాళ్లు ఈ మూడు రోజుల సంగతి చూపి ససేమిరా కుదరదనండి. ఎర్రచెలకలో కట్టేవాళ్లు మాత్రం కాస్త జాగ్రత్త: అక్కడ ఒక పూట నిలబెడితేనే ఇసుక, ఒండ్రు చాలా వరకు దిగిపోతాయి, మీ వాదన కూడా దానితోపాటే దిగిపోతుంది. తప్పనిసరై గుంత తవ్వాల్సి వస్తే లోతు తక్కువగా తవ్వి, నీళ్లు వచ్చే దారి, పోయే దారి ఒకేచోట పెట్టండి. వచ్చిన నీరు వచ్చినట్టే పోతుంది.

తవ్విన చోటికి నీళ్లు వెతుక్కుంటూ వస్తాయని భయపెట్టేవాళ్లు వట్టెం కథ చెబుతారు. 2024 సెప్టెంబరు మొదటి వారపు కుండపోతకు నాగర్‌కర్నూల్ జిల్లాలో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకం సొరంగంలోకి వరద చొరబడింది. ఆ దారినే వెళ్లి వట్టెం పంప్‌హౌస్‌ను ముంచింది. అంత పెద్ద పనికే తప్పనిది మన ఇంటి గుంతకు తప్పుతుందా అని వాళ్ల ప్రశ్న. మీ జవాబు: అందుకే కదా నేను మోటారు కొన్నాను.

6. మిల్లర్ కడిగిన నీళ్లు కుంటకే

స్లాబు పోసిన సాయంత్రం మిల్లరు, తట్టలు, పారలు కడగాలి. కడగడానికి కుంట గట్టును మించిన చోటు లేదు, నీళ్లు కూడా అక్కడే ఉంటాయి. సిమెంటు నీళ్ల పీహెచ్ 12 దాటుతుంది. తాగునీటికి మన దేశపు ప్రమాణం 6.5 నుంచి 8.5. ఈ కొలమానంలో ఒక్కో మెట్టుకు పదింతలు. అంటే 8.5కూ 12.5కూ నడుమ క్షారం తేడా 10,000 రెట్లు. చిన్న కుంటలో చేపలకు మొప్పలు కాలడానికి ఈ మాత్రం చాలు. చేపలు తేలితే ఎండ ఎక్కువైందనండి.

ప్లాటు మూలన ప్లాస్టిక్ పట్టా పరిచిన గుంతలో ఆ నీళ్లు పోస్తే ఎండకు నీరు ఆవిరై సిమెంటు గడ్డకడుతుంది, ఆ గడ్డను మెట్ల కింద నింపుకోవచ్చు. కానీ అందులో హుందాతనం లేదు. రంగు డబ్బాలు, థిన్నరు, జేసీబీ నుంచి కారిన డీజిలు, ఇంజినాయిలు కూడా ఇదే వరుసలో మోరీకి చేరాలి. వాన రాకముందే నేల మీద పోసి ఉంచితే మిగతాది వానే చూసుకుంటుంది.

7. చెరువును వేసవిలో కొలవండి

స్థలం కొనేటప్పుడు చెరువు హద్దు ఎక్కడిదాకా అని అడిగే రోజు ఏప్రిల్‌లోనో మేలోనో ఉండాలి. ఆ రోజుల్లో శిఖం భూమి చక్కగా ఎండి, గొర్రెలు మేస్తూ, ప్లాటు లాగే కనిపిస్తుంది. మత్తడి దుంకే సెప్టెంబరులో వెళ్తే అనవసరమైన సత్యాలు తెలుస్తాయి.

2012 నాటి జీవో 168 ఒకటి ఉంది. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువు, కుంటలకు 9 మీటర్లు వదలాలంటుంది. 10 మీటర్ల కన్నా వెడల్పున్న వాగు, నాలాకు 9 మీటర్లు, అంతకన్నా సన్నవాటికి 2 మీటర్లు. ఆ వదిలిన జాగా గడ్డితో, చెట్లతో ఉంటే పైనుంచి వచ్చే మురికిని ఆపి చెరువుకు వడగట్టిన నీరు ఇస్తుంది. అందువల్ల దాన్ని పార్కింగ్‌గానో, మొరం కుప్పల గోదాముగానో మార్చడం అవసరం. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షను వాగుల్లో, బావుల్లో మలినాలు పడేయడాన్నీ, వాగు పారుదలకు అడ్డుపడే వస్తువులు వేయడాన్నీ నిషేధిస్తుంది. మన్ను వస్తువెలా అవుతుందని అడగండి. వాళ్లు జవాబు వెతికేలోగా స్లాబు పడిపోతుంది.

8. పాత ఇంటి పెచ్చులకు కొత్త చిరునామా

పాత ఇల్లు కూల్చి కట్టేవాళ్లకు పెచ్చులు, పెంకులు, సిమెంటు దిమ్మెలు మిగులుతాయి. 2016 నాటి నిర్మాణ వ్యర్థాల నియమాలు వాటిని మోరీల్లో, రోడ్ల మీద వేయొద్దన్నాయి. కుంట మోరీ కాదు, రోడ్డూ కాదు. రాత్రి పదకొండు దాటాక ట్రాక్టరు పంపండి.

దీనివల్ల దీర్ఘకాలిక ప్రయోజనం ఒకటి ఉంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీస్తే రైతులు ట్రాక్టర్లు పెట్టుకుని ఆ ఒండ్రును చేలకు తోలుకున్నారు. చెరువుమన్ను చేనుకు బలం అని వాళ్ల నమ్మకం, అది నిజం కూడా. మన సిమెంటు పెచ్చులు, గాజుముక్కలు, సలాక తునకలు కలిసిన పూడికను ఏ రైతూ ముట్టడు. ఒకసారి పూడ్చాక ఎవరూ తీయలేని విధంగా పూడ్చడమే పనితనం.

9. నీరు ఎక్కడికి పోతుందో అడగకండి

పిల్లలు అడుగుతారు. అడిగితే జాగ్రఫీ మాస్టారిని అడగమనండి. ఆయన చెప్పేది ఇదే.

వనపర్తి సంస్థానపు రాజులు తవ్వించిన సప్త సముద్రాలు ఉన్నాయి. శ్రీరంగాపూర్ గుడి పక్కన రంగసముద్రం, కానాయపల్లి దగ్గర శంకరసముద్రం వాటిలోవే. నాగర్‌కర్నూల్‌కు కేసరి సముద్రం ఉంది. వాన తక్కువ సీమలో చెరువుకు సముద్రమని పేరు పెట్టుకోవడంలోనే నీటి మీద వాళ్లకున్న ఆశ తెలుస్తుంది. మన చెరువులు గొలుసుకట్టు: పై కుంట మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది. అందుకే పై వీధిలో వదిలిన మన్ను కూడా మెట్టు మెట్టుగా దిగుతుంది. ముతకది మొదటి కుంటలో, సన్నది చివరి చెరువులో, మరీ సన్నది కృష్ణలో.

కృష్ణ, తుంగభద్రల మీద పూడిక పనిలో మనకు ఇప్పటికే పెద్ద తోడు ఉంది. జూరాల కట్టినప్పుడు నిల్వ 11.94 టీఎంసీలు, పూడిక చేరాక 9.657. తుంగభద్ర డ్యాం 133 నుంచి 105 చిల్లరకు దిగింది. ఆ డ్యాం నీటి మీదే అలంపూర్ వైపు ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) ఆయకట్టు ఆశ పెట్టుకుంది. శ్రీశైలం 308 నుంచి సుమారు 216కు వచ్చింది. ఇందులో పెద్ద వాటా ఎగువ పొలాలది, గుట్టలది, అడవులు నరికిన నేలలది. మన ఇంటి వాటా చిటికెడే. ప్రతి ఇంటివాడూ ఈ మాటే అనాలి, అందరూ అంటేనే పని జరుగుతుంది.

ఇక్కడే మూలసూత్రానికి చిన్న చిక్కు వస్తుంది. గేటు దాటిన నీళ్లు మనవి కావని అనుకున్నాం. శ్రీశైలం వెనుక జలాలను కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో మోటార్లు పెట్టి పైకి తోడుతున్నారు. కల్వకుర్తి ఎత్తిపోతల కాలువలకూ అవే నీళ్లు, మిషన్ భగీరథ నల్లాలకూ అవే. అంటే మనం కిందికి పంపిన దాన్ని ప్రభుత్వం కరెంటు ఖర్చు పెట్టి మళ్లీ మన ఇంటికే ఎక్కిస్తోంది. నీళ్లు ఎంత బురదగా వస్తే శుద్ధి కేంద్రంలో అంత పటిక కావాలి. తాగునీటి మడ్డితనం 1 ఎన్‌టీయూ లోపు ఉండాలనీ, వేరే నీరు దొరకనప్పుడు 5 దాకా ఒప్పుకోవచ్చనీ ప్రమాణం. మట్టి రేణువుల చాటున సూక్ష్మజీవులు దాక్కుంటే క్లోరిన్ వాటిని పట్టలేదు. మట్టి వెంట పోయే భాస్వరం చెరువును పచ్చటి నాచుతో నింపుతుంది. నల్లాలో రంగు మారితే భగీరథ సిబ్బందికి ఫోను చేయండి. ఫోను చేసేటప్పుడు మీ కొత్త ఇంటి అడ్రసు స్పష్టంగా చెప్పండి.

ఖర్చు సంగతి

ఈ చిట్కాలన్నీ ఉచితం. వీటికి విరుగుడు ఎంతవుతుందో కూడా చెప్పకపోతే అన్యాయం. రోహిణిలోపు మట్టిపని ముగించే ఓపిక, అంచున పది అడుగుల గరిక, పల్లం వైపు అడుగెత్తు ఒడ్డు, కొన్ని పాత గోనె సంచులు, కుప్పల మీదికి ఒక తాటిపత్రి, గేటు దగ్గర సగం ట్రాక్టర్ కంకర, నీళ్లు తేరడానికి ఒక గుంత, మిల్లర్ కడగడానికి మరొకటి. అన్నీ కలిపినా గృహప్రవేశం భోజనాల పద్దు కన్నా తక్కువే. ఊరంతా వచ్చి తిని మెచ్చుకునే భోజనాలకు పెట్టినంత మనసు, ఎవరూ చూడని ఒడ్డుకు పెట్టలేకపోవడం వల్లనే చెరువులు పూడుతున్నాయి.

అయినా నేను ఒడ్డే పోయిస్తానంటారా? అయితే మీ మేస్త్రీని ఈ ఎండాకాలంలోనే అడగండి. ఎక్కడ పోయాలో అతనికి తెలుసు.